జైలుకు పోయొచ్చినోడి ఓటు

గల్ఫ్ క్యాంపుల్లో వెల్ఫేర్ ఆఫీసర్లుగా చేరబోతున్న అమ్మాయిలు ఈ మధ్య ఒకరిద్దరు ఫోన్ చేసి, "ఆంటీ, అసలక్కడ పనేమిటి?" అని అడిగారు. చేర్చుకునేటప్పుడు కంపెనీవాళ్ళు చెప్పే పని ఒకటి, చేరాక నెత్తిన పడే పని ఇంకొకటి. మొదటిది వాళ్ళే చెబుతారు కాబట్టి నేను రెండోదాని గురించి రాస్తున్నాను. ఏ ఏడు నాకు ఏ హోదా వచ్చింది, ఏ ఫైలు ఎంత లావుగా ఉండేది అన్న సంగతులు ఇందులో దొరకవు. వాటివల్ల నాకే ఒరిగిందేమీ లేదు, మీకేం ఒరుగుతుంది?

మాది కాకినాడ. లా చదివాను గానీ నల్లకోటు బీరువాలోంచి బయటికి తీసింది తక్కువ. పెళ్ళయ్యాక మావారి వెంట దోహా వెళ్ళి, మదీనత్ ఖలీఫాలో ఒక విల్లాలో సగం వాటా అద్దెకు తీసుకుని కాపురం పెట్టాము. చమురు ధర రోజురోజుకీ పైకి పోతున్న కాలం అది. నెల్లాళ్ళు అటు వెళ్ళకపోతే వెస్ట్ బేలో దారి గుర్తుపట్టలేకపోయేవాళ్ళం, అంత త్వరగా టవర్లు లేచేవి. ఆ టవర్లు కట్టే కంపెనీల్లో ఒకదానికి తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ వచ్చిన మనిషి కావలసి వచ్చింది. వాళ్ళ కార్మికుల్లో ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాదు, సిరిసిల్ల వైపు వాళ్ళు. ముందు మాటలు అనువాదం చేసే పనికి చేరి, తర్వాత వెల్ఫేర్ ఆఫీసర్నయ్యాను.

మొదట్లో వాళ్ళ తెలుగు నాకు సగమే అర్థమయ్యేది. నా తెలుగు విని వాళ్ళు, "మేడం సినిమాల మాట్లాడినట్టే మాట్లాడుతది" అని నవ్వుకునేవారు. నవ్వనివ్వండి. మనల్ని చూసి నవ్వగలిగినవాళ్ళే రేపు కష్టం వచ్చినప్పుడు మన దగ్గరికి వస్తారు.

నీళ్ళ డబ్బాల ఎన్నిక

మా కంపెనీకి పని ఇచ్చిన పెద్ద సంస్థ పట్టుబట్టడంతో క్యాంపులో కార్మికుల కమిటీ పెట్టాల్సి వచ్చింది. ఒక్కో బ్లాకు నుంచి ఒక ప్రతినిధిని కార్మికులే ఎన్నుకోవాలి. ఆ ప్రతినిధులు నెలనెలా మేనేజరుతో కూర్చుని అన్నం గురించి, ఏసీల గురించి, బస్సుల గురించి మాట్లాడాలి. అంతకుముందు ఆ మాటలు ఫోర్‌మన్ చెవి దాటి వచ్చేవి కావు.

మొదటిసారి చేతులెత్తమన్నాం. ఫోర్‌మన్ ఎటు చూస్తే చేతులు అటే లేచాయి. రెండోసారి పేర్లున్న కాగితాలు పంచాం. చదువురానివాళ్ళ కాగితాలకు పక్కవాళ్ళే ఉదారంగా టిక్కులు పెట్టేశారు. మూడోసారికి మెస్సులో పనిచేసేవాళ్ళు ఒక ఉపాయం చెప్పారు. ఖాళీ నీళ్ళ డబ్బాలు తెచ్చి, ఒక్కోదాని మీద ఒక్కో అభ్యర్థి ఫొటో అతికించి, దుప్పటి కట్టి దాని వెనక పెట్టారు. వచ్చిన ప్రతివాడికీ ఒక వాటర్ బాటిల్ మూత ఇస్తాం. దుప్పటి వెనక్కి వెళ్ళి తనకు నచ్చిన డబ్బాలో వేసి రావాలి. మూత పడ్డ చప్పుడును బట్టి ఏ డబ్బానో పసిగడుతున్నారని తెలిసి, అడుగున పాత గుడ్డలు కూడా వేశాం.

మీకు నవ్వు రావచ్చు. కానీ ఆ శుక్రవారాలు నేను చూశాను. తలస్నానం చేసి, పెట్టెలోంచి ఇస్త్రీ చొక్కా తీసి వేసుకుని వచ్చేవాళ్ళు. క్యాంపులో ఏం తినాలో, ఎప్పుడు లేవాలో, ఏ మంచం మీద పడుకోవాలో అన్నీ ఇంకొకరు చెబుతారు. నీకేం కావాలని అడిగే రోజు అదొక్కటే. ఆ రోజు విలువ మనలాంటి ఇళ్ళలో ఉండేవాళ్ళకు చప్పున అర్థం కాదు.

మూర్తిగారు పెట్టిన నిబంధన

హెచ్‌ఆర్ ఆఫీసరు మూర్తిగారు హైదరాబాదు మనిషి. చాలా మర్యాదస్థుడు. దోహాలోనే ఐన్ ఖాలిద్‌లో ఉండేవారు. వాళ్ళావిడ చేతి పులిహోర తినని తెలుగు కుటుంబం దోహాలో ఉండేది కాదు. ఆ మూడో ఎన్నికకు నియమాలు రాసే పని ఆయన మీద పడింది. నోటీసు బోర్డు మీద పెట్టాక చదివాను. అందులో ఒక ముక్క ఉంది. పోలీసు కేసులో శిక్ష పడినవాళ్ళు పోటీ చేయకూడదు, ఓటు కూడా వేయకూడదు.

శిక్ష పడ్డవాళ్ళను సాధారణంగా వాళ్ళ దేశానికి పంపేసేవారు. కంపెనీకి అవసరమై, హామీ ఉండి వెనక్కి తెచ్చుకున్నవాళ్ళు క్యాంపులో కొద్దిమందే. నేను మూర్తిగారి గదికి వెళ్ళాను.

"ఈ నియమం ఎక్కడిదండీ?"

"ఎక్కడిదేంటమ్మా, మన దగ్గర కూడా అంతే కదా. జైలుకెళ్ళొచ్చినవాడికి ఓటుండదు. లా చదివారు, మీకు తెలియదా?"

"జైల్లో ఉన్నన్నాళ్ళే వెయ్యలేడండీ. బయటికొచ్చాక వేసుకోవచ్చు. కొన్ని శిక్షలు పడినవాళ్ళు కొంతకాలం పోటీ చెయ్యకూడదని ఉంది. మీరు ఆ రెండూ కలిపేశారు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నిజమా? నేను చిన్నప్పట్నుంచీ అలాగే అనుకుంటున్నానే! ఏమోనమ్మా, ఇప్పుడు బోర్డు మీద పెట్టేశాం. తీయాలంటే మేనేజరు హానీ సార్‌ని అడగాలి."

మూర్తిగారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. తర్వాత నేను తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎంతమందిని అడిగినా, ఇంజనీర్లు, డాక్టర్లతో సహా, ఇదే జవాబు వచ్చింది. చదువుకున్నవాళ్ళం కూడా ఎన్నడూ అవసరపడని చట్టాన్ని అలా ఊహించేసుకుని బతికేస్తాం. అవసరపడ్డవాడు మన ఊహనే చట్టమనుకుని ఊరుకుంటాడు.

లింబాద్రి

అలా ఊరుకున్నవాడు లింబాద్రి. నిజామాబాదు జిల్లా మనిషి, నలభై దాటినవాడు. ఒకప్పుడు మా కంపెనీలో బస్సు డ్రైవరు. కొన్నేళ్ళ క్రితం తెల్లవారుజామున నైట్ షిఫ్టువాళ్ళను సైటు నుంచి తెస్తూ, క్యాంపు మలుపు దగ్గర బస్సును ఆగి ఉన్న ట్రైలరుకు గుద్దాడు. పక్క సీట్లో కూర్చున్న రాజేశం అనే మేస్త్రీ అక్కడికక్కడే చనిపోయాడు. లింబాద్రి నిద్రపోయాడని కోర్టులో తేలింది. శిక్ష పడింది. అనుభవించి వచ్చాడు. పరిహారం సంగతి ఇన్సూరెన్సు చూసుకుంది. మళ్ళీ స్టీరింగ్ ముట్టకూడదన్న షరతు మీద హానీ సార్ అతన్ని క్యాంపులో క్లీనింగ్ పనికి పెట్టుకున్నారు.

రాజేశం తమ్ముడు గంగారాం అదే క్యాంపులో, అదే బ్లాకులో ఉండేవాడు. ఇనుప చువ్వలు కట్టే పని. లింబాద్రి ఎదురొస్తే దారి మార్చుకునేవాడు. మెస్సులో లింబాద్రి తుడిచిన టేబుల్ మీద ప్లేటు పెట్టేవాడు కాదు. ఈసారి ఆ బ్లాకు నుంచి పోటీ చేస్తున్నవాళ్ళలో గంగారాం ఒకడు. రెండు డ్యూటీల నడుమ డ్రైవర్లకు నిద్ర ఉండాలన్నదే అతను అడిగే ఒక్క కోరిక. ఎందుకు అడుగుతున్నాడో వేరే చెప్పక్కర్లేదు.

ఎన్నికకు వారం ముందు నేను మెస్సుకు వెళ్ళేసరికి లింబాద్రి నీళ్ళ డబ్బాలు కడుగుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మేడం, ఓటు లేనోడు డబ్బాలు కడిగితే మైల వడుతదా?" అని నవ్వాడు.

నవ్వు నవ్వులా లేదు. నేను అక్కడే బల్ల మీద కూర్చున్నాను. "నోటీసు చూశావా?"

"సదివి ఇనిపిచ్చిండ్రు. మంచిదే మేడం. తప్పు జేసినోనికి గంతే ఉంటది. కని ఈసారి ఒక్క ఓటు ఎయ్యాలని మనసుల ఉండె."

"ఎవరికి?"

డబ్బాలోకి చూస్తూ చెప్పాడు. "గంగారాంకు."

"గంగారాంకా?" అన్నాను.

"ఆయినె డ్రైవర్లకు నిద్ర గావాలంటుండు. ఆ నిద్ర లేకనే గద మేడం రాజేశమన్న వొయ్యింది. ఇంకోన్కి గట్ల గావద్దు. నేను నోరు దెరిసి అడిగేటోన్ని గాదు. అడిగెటోనికి ఒక్క ఓటన్న ఏస్తనంటే అది గూడ లేదంటిరి."

అప్పుడే మాటల్లో అతను సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు ఊళ్ళో జరిగిన ఓట్ల సంగతి వచ్చింది. తల్లిని బండి మీద బడి దాకా తీసుకుపోయాడట. ఓటరు చీటీ అతని పేరు మీద కూడా వచ్చిందట. ఇంటికి తెచ్చిన పిల్లాడికే తిరిగి ఇచ్చేశాడట. తల్లి లోపలికెళ్ళి ఓటేసి వచ్చేదాకా ఇతను గేటు బయట బండి మీద కూర్చున్నాడు.

"మా అవ్వకు గల్ఫంత దుబాయే. అడిగింది, దుబాయ్‌ల జైలైతే ఈడ ఓటెందుకు లేదురా అని. ఏమో అవ్వా, జైలు జైలే గద అన్న."

"నీకు ఓటుంది లింబాద్రీ. అక్కడా ఉంది. జైలు నుంచి బయటికొచ్చాక నిన్ను ఎవరూ ఆపడానికి లేదు. చీటీ కూడా వచ్చిందంటున్నావు కదా!"

నమ్మలేనట్టు చూశాడు. "నాకెవలు జెప్పలే మేడం."

"ఎవర్నైనా అడగలేకపోయావా?"

"జైలుకు వోయొచ్చినోడు ఏమని అడుగుతడు మేడం? నోరు దెరుస్తనే జైలు ముచ్చటనే తీస్తరు."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు బాగా కోపం వచ్చిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఇది అందులో ఒకటి, అయితే ఎవరి మీదో చెప్పలేను. అతని ఓటు ఏ ప్రభుత్వమూ తీసెయ్యలేదు. ఏ కోర్టూ తీసెయ్యలేదు. అందరూ కలిసి లేదనుకున్నారు, అతనూ లేదనుకున్నాడు, అంతే. కొత్తగా చేరేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. మీ దగ్గరికి వచ్చి హక్కు పోయిందని ఏడ్చేవాళ్ళు కొందరే. లేదనుకుని గేటు బయట కూర్చున్నవాళ్ళు మీ దగ్గరికి రారు. వాళ్ళను మీరే వెతుక్కుంటూ వెళ్ళాలి.

హానీ సార్ పెట్టిన షరతు

మేనేజరు హానీ సార్‌ది ఈజిప్టు. ముక్కు మీద కోపం ఉండేది గానీ మనిషి చెడ్డవాడు కాదు. చమురు ధర పెరిగిన రోజున పొద్దున్నే అందరికీ ఆయనే టీ పోయించేవారు. పడిపోయిన రోజున ఆయన గది ముందు నుంచి కూడా నడిచేవాళ్ళం కాదు. అదృష్టం కొద్దీ నేను వెళ్ళింది టీ రోజున.

నేను చెప్పింది మొత్తం విన్నారు. "మిగిలినవాళ్ళ సంగతి సరే. మందు కేసో, కొట్లాట కేసో, శిక్ష అయిపోయింది, ఖలాస్. వాళ్ళు వేసుకోవచ్చు. కానీ ఈ డ్రైవరు కేసులో ఒక మనిషి చనిపోయాడు. చనిపోయినవాడి తమ్ముడు ఇదే క్యాంపులో ఉన్నాడు. అతను ఒప్పుకుంటేనే నేను ఒప్పుకుంటాను" అన్నారు.

"అతను ఎందుకు ఒప్పుకోవాలి సార్?"

"మా వైపు అంతే. చంపినవాడిని చనిపోయినవాడి ఇంటివాళ్ళు క్షమిస్తే ఆ విషయం అక్కడితో ముగిసిపోతుంది. క్షమించకపోతే ఎవరేం చేసినా ముగియదు. రేపు ఆ మెస్సులో వాళ్ళిద్దరూ కలబడితే జవాబు చెప్పేది నేనా నువ్వా? వెళ్ళి అతన్ని అడుగు. క్షమించానని చెబితే, యల్లా, కానివ్వమని సంతకం పెట్టేస్తాను."

ఆయన చెప్పిందాంట్లో అర్థం లేకపోలేదు. క్యాంపును శాంతంగా ఉంచడం ఆయన ఉద్యోగం. ఆ ఆచారంలో దయ కూడా ఉంది, అలా క్షమించి ఎందరివో ప్రాణాలు నిలబెట్టిన కుటుంబాల సంగతి నాకు తెలుసు. కానీ ఒకరి ఓటు ఇంకొకరి గుండె మెత్తబడటం మీద ఆధారపడితే అదిక ఓటెలా అవుతుంది? ఆ రోజు ఆ మాట ఆయనకు సరిగ్గా చెప్పలేకపోయాను. సరేనని తలూపి వచ్చేశాను.

గంగారాం జవాబు

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకు వెస్ట్ బే సైటుకు వెళ్ళాను. ఎండ మాడ్చేస్తోంది. టవరు నీడలో అట్టముక్కలు పరుచుకుని జనం నడుం వాల్చారు. గంగారాం ఒక మూల కూర్చుని డబ్బాలోంచి అన్నం తింటున్నాడు. నన్ను చూసి చెయ్యి కడుక్కోబోతుంటే, తినమని చెప్పి పక్కనున్న పెట్టె మీద కూర్చున్నాను.

అటూ ఇటూ తిప్పకుండా చెప్పేశాను. లింబాద్రికి ఓటు లేదని నోటీసులో పెట్టారు. అది తప్పని నేను సార్‌తో వాదించాను. నువ్వు అతన్ని క్షమించానంటే ఓటు ఇస్తానని సార్ అన్నారు.

అతను డబ్బా మూతపెట్టి పక్కన పెట్టాడు.

"మాఫ్ జెయ్య మేడం. సచ్చెదాంక జెయ్య."

"సరే గంగారాం. నువ్వు చెయ్యాలని నేను అడగడం లేదు."

"మా వదినె ఇప్పటికీ ఫోన్ల అడుగుతది, ఆడు నీకు కనవడుతడా అని. ఏమని జెప్పాలె? కనవడుతడు వదినె, పొద్దుమాపు మెస్సుల కనవడుతడు, బల్లలు తుడుస్తడు అని జెప్పాల్నా?" ముఖం అటు తిప్పుకున్నాడు. నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను. మరీ ఎక్కువ అడిగానేమో అనిపించింది.

లేవబోతుంటే మళ్ళీ అన్నాడు.

"మేడం, నాకొకటి సమజైతలేదు. ఆన్కి ఓటు లేదనుడు, ఉన్నదనుడు నా చేతుల ఎందుకు వెట్టిండ్రు?"

"సార్‌కు క్యాంపులో గొడవవుతుందేమోనని భయం."

"జడ్జి శిక్ష ఏసిండు. ఆడు అనుభవించిండు. అది తక్కువ ఏసిండ్రని నాకు కోపం ఉంది, ఉంటది. కని ఇగ మిగిలింది నేను ఏయాల్నా? నేనేమన్న జడ్జినా? మా అన్న పేరు జెప్పి ఒకని నోరు మూస్తే మా అన్న వాపసొస్తడా?"

"మరి సార్‌కు ఏమని చెప్పమంటావు?"

"మాఫ్ జెయ్యలేదని జెప్పుండ్రి. అబద్ధం జెప్పొద్దు. ఆని ఓటు మాత్రం ఆనిదే, నాది గాదు, నేనిచ్చేది గాదు గుంజుకునేది గాదు. గదే జెప్పుండ్రి." డబ్బా మూత తీసి, అన్నం కేసి చూసి, మళ్ళీ మూసేశాడు. "ఆడు నాకు ఏస్తడని గూడ నాకేం ఆశ లేదు."

అతనికే వెయ్యాలని లింబాద్రి అనుకుంటున్నాడన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆపుకున్నాను. ఓటు ఎవరికన్నది వేసేవాడి సొంత విషయం, నేను మోసుకుపోవలసిన కబురు కాదు.

సాయంత్రం హానీ సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. క్షమించలేదు, అభ్యంతరమూ లేదు అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "రెండూ ఒకే మనిషి ఎలా అంటాడు?"

"కోపం అతనిది సార్, ఓటు ఇతనిది. ఒకదానికొకటి సంబంధం లేదంటున్నాడు."

"అతనికెంత చదువుంది?" అని అడిగారు హానీ సార్. ఆ ప్రశ్నకు నాకు చిర్రెత్తుకొచ్చింది. మనుషులకు న్యాయం తెలియడానికి డిగ్రీ ఎందుకు? జవాబుగా నోటీసు కాపీ ఆయన ముందు పెట్టాను. కాసేపటికి ఆయనే మూర్తిగారిని పిలిచి నోటీసులో ఆ ముక్క కొట్టేయించారు. మూర్తిగారు స్వయంగా స్కేలు పెట్టి అడ్డగీత గీశారు. గీస్తూ నా వైపు చూసి, "మా తమ్ముడికి కూడా చెప్పాలమ్మా, వాడు లాయరు, వాడూ ఇలాగే అనుకుంటున్నాడు" అన్నారు.

శుక్రవారం

ఎన్నిక రోజున లింబాద్రి అందరికంటే ఆఖరున వచ్చాడు. లైన్లో ఎవరి పక్కన నిలబడాల్సి వస్తుందోనని ఆగినట్టున్నాడు. నీలం చొక్కా, తడి తల. మెస్సులో ఒకరిద్దరు గొణిగారు. గంగారాం గోడకు ఆనుకుని ఉన్నాడు. అతను తలెత్తి ఆ గొణిగేవాళ్ళ వైపు ఒకసారి చూశాడు. వాళ్ళు ఊరుకున్నారు. ఆ తర్వాత అతను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

మూత చేతికిచ్చాను. దుప్పటి వెనక చాలాసేపు ఉన్నాడు. అంతసేపు ఏం చేస్తున్నాడో అని మూర్తిగారు తొంగిచూడబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

బయటికొచ్చి నా ముందు ఆగాడు. "ఏసిన మేడం" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. కళ్ళు తుడుచుకుంటూ నేరుగా కట్టెచీపురు తీసుకుని మెస్సు ఊడ్వడం మొదలుపెట్టాడు.

గంగారాం నెగ్గాడు. మెజారిటీ బాగానే వచ్చింది, ఎవరి ఒక్క ఓటుతోనో కాదు. కథల్లో అయితే ఒక్క ఓటుతో నెగ్గేవాడు. లింబాద్రి ఓటు లేకపోయినా ఫలితం మారేది కాదు. అయితే ఏం? ఓటు ఫలితాన్ని మారిస్తేనే విలువ అని అనుకుంటే మనలో చాలామందికి ఓటెందుకు?

కొత్త కమిటీ మొదటి సమావేశం

డ్రైవర్లకు రెండు డ్యూటీల నడుమ విశ్రాంతి ఇవ్వాలన్న నియమం మా కంపెనీలో ఆ తర్వాతే వచ్చింది. ఎంతకాలం నిలిచిందంటే, నేను ఉద్యోగం మానేదాకా నిలిచింది. అది ఎలా వచ్చిందో చెప్పి ముగిస్తాను.

క్యాంపు ఆఫీసులో సమావేశం. బల్లకు అటువైపు హానీ సార్, మూర్తిగారు, బస్సుల ఇన్‌ఛార్జి. ఇటువైపు కార్మికుల ప్రతినిధులు. వాళ్ళ మాటలు వీళ్ళకు, వీళ్ళ మాటలు వాళ్ళకు అందిస్తూ మధ్యలో నేను.

గంగారాం డ్రైవర్ల సంగతి ఎత్తాడు. బస్సుల ఇన్‌ఛార్జి వెంటనే అడ్డుపడ్డాడు. డ్రైవర్లకు సరిపడా విశ్రాంతి ఇస్తూనే ఉన్నామని, ఒక్కడు కూడా ఫిర్యాదు చేయలేదని అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. గంగారాం తలుపు వైపు చూశాడు.

"లింబాద్రిని పిలువుండ్రి" అన్నాడు.

అందరం అతని వైపు చూశాం.

"ఆ దినం ఏం జరిగిందో ఆన్కే ఎరుక. ఆనితోని చెప్పియ్యుండ్రి."

"జైలుకెళ్ళొచ్చినవాడి మాట ఏం నమ్ముతాం?" అన్నాడు ఇన్‌ఛార్జి.

"నా ముంగట చెప్తడు" అన్నాడు గంగారాం. "నా ముంగట ఆడు అబద్ధం ఆడడు."

లింబాద్రి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. హానీ సార్ అడిగినవాటికి ఒక్కొక్కటిగా చెప్పాడు. ముందురోజు పొద్దుటి నుంచి సైటు ట్రిప్పులు. సాయంత్రం రావలసిన ఇంకో డ్రైవరుకు జ్వరం. రాత్రంతా కాంక్రీటు పని నడుస్తోందని సైటుకూ క్యాంపుకూ తిప్పారు. మధ్యలో ఎయిర్‌పోర్టుకు ఒకసారి. పడుకుంటానంటే, "యల్లా, ఇదొక్క ట్రిప్పు" అన్నారు. అలా అన్నది ఎవరో పేరు చెప్పలేదు. ఇన్‌ఛార్జి కూడా అడగలేదు.

"కోర్టుల గివన్ని అడగలే సార్. నిద్రవోయినవా అంటే, వోయిన అన్న. నిజమే గద."

హానీ సార్ కలం పక్కన పెట్టారు. సరే, నువ్వు వెళ్ళొచ్చని సైగ చేశారు. లింబాద్రి తలుపు దాకా వెళ్ళాడు.

"లింబాద్రీ."

పిలిచింది గంగారాం. ఆ ప్రమాదం తర్వాత అతను లింబాద్రిని పేరు పెట్టి పిలవగా ఎవరూ వినలేదు. లింబాద్రి అక్కడే ఆగిపోయాడు.

"మా అన్న నీ పక్క సీట్లనే ఉండె గద. ఆఖరుకు ఏమన్న అన్నడా?"

లింబాద్రి వెనక్కి తిరిగాడు.

"అన్నడు. 'నీ కండ్లు మూస్కవోతున్నయ్ రా, బండి పక్కకు ఆపు, కొంచెం సేపు పండుకో, వీళ్ళకు నేను జెప్త' అన్నడు. క్యాంపు అచ్చింది గదనే, వోదాం అని నేనే ఆపలే. మల్ల పొద్దుగాల ట్రిప్పుకు లేటయితదని భయమైంది." గోడ పట్టుకున్నాడు. "నిన్ను జూసినప్పుడల్ల ఈ మాట జెప్దామనుకున్న గంగారాం. నువ్వు మొఖం తిప్పుకుంటుంటివి."

గంగారాం రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

"ఏమంటున్నాడు?" అని హానీ సార్ నన్ను అడిగారు.

చెప్పబోయాను. ఆగిపోయాను. మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాచాను గానీ తాగలేకపోయాను. ఆ అన్నదమ్ముల నడుమ మాట అది. నా నోటితో, ఇంకో భాషలో, బస్సుల ఇన్‌ఛార్జి వింటుండగా చెప్పడం నావల్ల కాదనిపించింది. మూర్తిగారు, "తర్వాత చెబుతాం సార్" అన్నారు.

గంగారాం ముఖం మీది చేతులు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చెప్పుండ్రి మేడం. ఒక్క ముక్క ఇడ్వకుంట చెప్పుండ్రి. మా అన్న బండి ఆపుమన్నడు. ఆ మాట సార్ దాంక వోవాలె."

చెప్పాను.